పదహారేళ్ల లెక్క: తెలుగు నేల డిగ్రీలు, అమెరికా పీజీ దరఖాస్తుల చరిత్ర

మెదక్ జిల్లాలో శంకరంపేట పేరుతో రెండు మండలాలున్నాయి. వాడుకలో పెద్ద శంకరంపేట, చిన్న శంకరంపేటగా పిలిచే ఈ రెంటినీ ప్రభుత్వ రికార్డులు ‘ఏ’, ‘ఆర్’ అనే అక్షరాలతో వేరుచేస్తాయి. వీటిలో ఏ ఊరి విద్యార్థి అయినా అమెరికాలో పీజీ చదవాలనుకునే నాటికి, ఆ అబ్బాయి లేదా అమ్మాయి చేతిలో సాధారణంగా రెండు రకాల పట్టాల్లో ఒకటి ఉంటుంది: దగ్గరి పట్టణంలోని డిగ్రీ కళాశాలలో మూడేళ్లు చదివి పొందిన బీఏ, బీకాం, బీఎస్సీల్లో ఏదో ఒకటి, లేదా నాలుగేళ్ల బీటెక్. ఒకటో తరగతి నుంచి లెక్కిస్తే మొదటిది పదిహేనేళ్ల చదువు, రెండోది పదహారేళ్ల చదువు. పన్నెండేళ్ల పాఠశాల విద్య, దానిపై నాలుగేళ్ల కళాశాల విద్య అనే పద్ధతికి అలవాటుపడిన అమెరికా విశ్వవిద్యాలయాలు విదేశీ పట్టాను కూడా ఆ పదహారేళ్లతోనే పోల్చి చూశాయి. తెలుగువారిలో అమెరికా చదువు ఇంజనీర్ల దారిగా స్థిరపడటానికి ఆశలు, ఆదాయాలు, వీసా చట్టాలు ఎంత కారణమో, ఈ ఒక్క సంవత్సరపు తేడా కూడా అంతే కారణం. ఆ తేడా ఎలా ఏర్పడిందో, దానికి ఎవరు ఏ విలువ కట్టారో తెలియాలంటే దరఖాస్తుల చరిత్రను మొదటి నుంచీ చూడాలి.

కొలత కుదరని కాలం

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో భారతీయ పట్టాను తూచడానికి అమెరికాలో స్థిరమైన ప్రమాణమేదీ లేదు. వచ్చిన విద్యార్థిని చూసి, తెచ్చిన సర్టిఫికెట్లను చూసి, ఏ తరగతిలో కూర్చోబెట్టాలో ఆయా విశ్వవిద్యాలయాలే తేల్చుకునేవి. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో 1912లో బీఏ పూర్తిచేసిన బి.ఆర్. అంబేడ్కర్‌ను, బరోడా సంస్థానపు ఉపకార వేతనంతో 1913లో న్యూయార్క్ చేరినప్పుడు కొలంబియా విశ్వవిద్యాలయం నేరుగా పీజీ చదువులోనే చేర్చుకుంది. అంతకు ఏడాది ముందు, 1912లో, అమెరికా వెళ్లిన దరిశి చెంచయ్య కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతూనే గదర్ ఉద్యమంలో కలిసిపోయారు. ఆ తరానికి చెందిన తెలుగువారిలో అమెరికా చదువు అనుభవాన్ని ఆత్మకథలో రాసిపెట్టిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

పట్టా విలువ ఎంత అస్థిరంగా ఉండేదో యల్లాప్రగడ సుబ్బారావు ఉదంతం స్పష్టంగా చూపుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ, గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించడంతో శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. పరీక్షల్లో ప్రతిభ చూపినా పూర్తి స్థాయి ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్వదేశంలో ఉద్యోగానికి అడ్డుపడిన ఆ కాగితమే 1920ల తొలినాళ్లలో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో డిప్లొమా ప్రవేశానికి చాలింది. మామగారి ఆర్థిక సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన చేయూత ప్రయాణానికి ఆధారమయ్యాయి. బోస్టన్‌లో ఆసుపత్రి పనులు చేసుకుంటూ డిప్లొమా పూర్తిచేసిన సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించి, 1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ పొందారు. మద్రాసు తక్కువ చేసిన చదువును హార్వర్డ్ ప్రయోగశాలలో చేసిన పనితో కొలిచింది. కొలత లేకపోవడం వల్ల కొందరికి జరిగిన మేలుకు ఇది ఉదాహరణ. అయితే అదే కారణంగా వెనక్కి తిరిగినవారి పేర్లు చరిత్రకు అందవు.

వలస చట్టాలు కూడా ఆనాడు విద్యార్థిని వేరుగా చూశాయి. 1917 నాటి అమెరికా వలస చట్టం ఆసియాలో అధిక భాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించినా విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది, 1924 చట్టం వారిని దేశాలవారీ కోటా పరిధి నుంచి తప్పించింది. చదువు ముగిశాక అక్కడ స్థిరపడే హక్కు మాత్రం లేదు, కాబట్టి ఆ కాలపు దరఖాస్తులో తిరిగి వచ్చే ఉద్దేశం చెప్పకనే చెప్పినట్టు ఉండేది.

హైదరాబాదు చేతిలో రెండు పట్టాలు

కోస్తా జిల్లాల విద్యార్థులకు మద్రాసు విశ్వవిద్యాలయం, 1926 తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆధారంగా ఉండగా, మెదక్‌తో సహా నిజాం రాజ్యపు జిల్లాల పరిస్థితి భిన్నమైనది. హైదరాబాదులో ఒకే సమయంలో రెండు భిన్నమైన పట్టాలు చెలామణి అయ్యేవి. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండటంతో, అక్కడ చదివినవారికి ఇంగ్లిషు మాధ్యమంలో మద్రాసు పట్టా దక్కేది. 1918లో నిజాం ఫర్మానాతో ఏర్పడి మరుసటి ఏడాది తరగతులు మొదలుపెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను అందించింది. శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ కూడా పనిచేసింది.

భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు వరకు బోధించడం ఆ రోజుల్లో సాహసమే. కానీ ఉర్దూలో పరీక్ష రాసిన విద్యార్థి విదేశీ విశ్వవిద్యాలయానికి వెళ్లాలంటే తన చదువుతోపాటు తన ఇంగ్లిషును కూడా రుజువు చేసుకోవాలి. సంస్థానం ఇచ్చే విదేశీ ఉపకార వేతనాలు చాలావరకు లండన్ వైపే చూపు సారించాయి. ఊళ్లో తెలుగు, బడిలో ఉర్దూ, పై చదువుకు ఇంగ్లిషు అనే మూడు మెట్లు మెదక్ పల్లె విద్యార్థి ఎక్కవలసి వచ్చింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఉస్మానియా క్రమంగా ఇంగ్లిషు మాధ్యమానికి మారింది. స్థానిక భాషలో ఉన్నత విద్య అనే ప్రయోగం ఆ మార్పుతో నష్టపోయినా, ఉస్మానియా పట్టాను విదేశాల్లో వివరించి చెప్పుకోవలసిన అవసరం తగ్గింది. నేటికీ కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు కోరే బోధనా మాధ్యమ ధ్రువపత్రం, అంటే డిగ్రీని ఇంగ్లిషులోనే చదివినట్టు కళాశాల ఇచ్చే కాగితం, ఆ పాత ప్రశ్నకు మిగిలిన రూపమే.

కొలమానం రూపుదిద్దుకోవడం

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, ఆ తర్వాత అమెరికాలో విదేశీ విద్యార్థుల సంఖ్య పెరిగేకొద్దీ వారి పట్టాలను తూచే యంత్రాంగం కూడా పెరిగింది. 1919లో న్యూయార్క్‌లో అంతర్జాతీయ విద్యా సంస్థ ఏర్పడింది. విదేశీ సర్టిఫికెట్లను పరిశీలించి అమెరికా చదువులో అవి దేనికి సమానమో చెప్పే పనిని ఫెడరల్ విద్యా కార్యాలయం దాదాపు అర్ధ శతాబ్దం నిర్వహించింది. విదేశీ విద్యార్థులకు సలహాలిచ్చే అధికారుల సంఘం 1948లో రూపుదిద్దుకుంది. నాలుగు తూర్పు తీర విశ్వవిద్యాలయాల కోసం 1930ల చివర కార్నెగీ ఫౌండేషన్ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన జీఆర్ఈ, అంటే పీజీ ప్రవేశం కోరేవారి సాధారణ సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష, 1947లో ఏర్పడిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ చేతికి వచ్చింది. ఇంగ్లిషు మాతృభాష కానివారి కోసం టోఫెల్ 1964లో వచ్చింది. వివిధ దేశాల మార్కుల పద్ధతులను అర్థం చేసుకోలేని ప్రవేశాల కమిటీలకు, ప్రపంచమంతటికీ ఒకటే అయిన ఈ అంకెలు ఊతమయ్యాయి.

భారతదేశం వైపు నుంచి తలుపు తెరిచింది ఫుల్‌బ్రైట్ ఒప్పందం. 1950 ఫిబ్రవరి 2న రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఆ ఒప్పందంతో అమెరికా విద్యా ఫౌండేషన్ భారతదేశంలో ఏర్పడింది. 1952 నాటి అమెరికా వలస చట్టం విద్యార్థికి ఎఫ్-1 అనే ప్రత్యేక వీసా తరగతిని స్థిరపరచింది. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో నెలకొన్న అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం తన గ్రంథాలయంతో, అమెరికా సాహిత్యం, చరిత్ర, రాజకీయాలపై పనిచేసే దేశవ్యాప్త పరిశోధకులను హైదరాబాదుకు రప్పించింది.

సరిగ్గా అదే సమయంలో భారతదేశంలో డిగ్రీ నిర్మాణం మారింది. పాత పద్ధతిలో రెండేళ్ల ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్లకే బీఏ పూర్తయ్యేది. రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ మూడేళ్ల డిగ్రీని సిఫారసు చేసింది. 1950ల చివరి నుంచి ఒక ఏడాది ప్రీ-యూనివర్సిటీ కోర్సు (పీయూసీ), దానిపై మూడేళ్ల డిగ్రీ అనే పద్ధతి అమలులోకి వచ్చింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ పీయూసీ స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియట్‌ను తెచ్చి, 1971లో దానికి ప్రత్యేక బోర్డును ఏర్పాటు చేసింది. అలా పది, రెండు, మూడు కలిసి పదిహేనయ్యాయి. దేశ అవసరాల కోసం, ఇంగ్లండు నమూనా నీడలో తీసుకున్న ఈ నిర్ణయంలో అమెరికా ప్రవేశాల ప్రసక్తే లేదు. అయినా దాని ఫలితం అమెరికా దరఖాస్తుల బల్ల మీద తేలింది. భారతీయ మూడేళ్ల పట్టా అమెరికా డిగ్రీలో మూడు సంవత్సరాలకు మాత్రమే సమానమని అక్కడి రిజిస్ట్రార్ల సంఘం సలహా ఇచ్చింది. పీజీ ప్రవేశానికి నాలుగేళ్ల డిగ్రీ గానీ, మూడేళ్ల డిగ్రీపై రెండేళ్ల మాస్టర్స్ గానీ ఉండాలనే నిబంధన అనేక విశ్వవిద్యాలయాల ప్రకటనల్లో స్థిరపడింది.

ఇంజనీరింగు దారి

ఈ లెక్క ఇంజనీరింగుకు అడ్డు రాలేదు. మొదట అయిదేళ్లు, తర్వాత నాలుగేళ్లుగా సాగిన బీఈ, బీటెక్ కోర్సులు ఎలా చూసినా పదహారేళ్లకు తక్కువ కావు. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల 1929లో, కాకినాడ, అనంతపురం కళాశాలలు 1946లో, వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1959లో మొదలయ్యాయి. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జేఎన్‌టీయూ, రావడంతో సాంకేతిక పట్టాకు ప్రత్యేక విశ్వవిద్యాలయమే ఏర్పడింది. జాతీయ మూలం ఆధారంగా ఉన్న కోటాలను రద్దుచేసిన 1965 నాటి అమెరికా వలస చట్టం ఈ పట్టాకు కొత్త అర్థం ఇచ్చింది, ఎందుకంటే చదువు ముగిశాక ఉద్యోగం, నివాసం కూడా సాధ్యమయ్యాయి.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ కళాశాలలో 1958లో బీఈ చదివి, ఆస్ట్రేలియాలో ఎంటెక్ చేసి, 1966లో స్టాన్‌ఫర్డ్ నుంచి పీహెచ్‌డీ పొందిన రాజ్ రెడ్డి ఆ తొలి తరానికి ప్రతినిధి. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం దక్కింది. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివిన శంతను నారాయణ్ ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌లోను, మణిపాల్‌లో బీఈ చదివిన సత్య నాదెళ్ల విస్కాన్సిన్–మిల్వాకీలోను ఎంఎస్ చేశారు. ఇవి అప్పట్లో భారతదేశంలో అంతగా పేరున్న విశ్వవిద్యాలయాలు కావు. తెలుగు విద్యార్థుల దరఖాస్తులు ప్రఖ్యాత సంస్థల కంటే మధ్యస్థాయి రాష్ట్ర విశ్వవిద్యాలయాల వైపే ఎక్కువగా సాగడానికి ప్రధాన కారణం డబ్బు. విదేశీ మారకద్రవ్యం కొరత ఉన్న 1960, 70 దశకాల్లో ప్రయాణికుడు చేతిలో తీసుకెళ్లగలిగింది కొద్దిపాటి డాలర్లే. అందువల్ల బోధనలోనో పరిశోధనలోనో సహాయం చేసినందుకు ఫీజు మాఫీతోపాటు నెలసరి వేతనమిచ్చే అసిస్టెంట్‌షిప్ ఎవరిస్తే వారికే విద్యార్థి జవాబు రాసేవాడు.

దరఖాస్తు అంటే అప్పట్లో నెలల తరబడి సాగే ఉత్తరప్రత్యుత్తరం. ముందుగా ఎయిర్‌మెయిల్ ఉత్తరం రాసి దరఖాస్తు ఫారం తెప్పించుకోవాలి, దాన్ని టైపు చేయించి పంపాలి, ఆచార్యులు ఇచ్చే సిఫారసు లేఖలను, విశ్వవిద్యాలయం ఇచ్చే ట్రాన్‌స్క్రిప్టులను, అంటే ప్రతి ఏడాది మార్కుల అధికారిక నకళ్లను, సీలు వేసిన కవర్లలోనే పంపాలి. తెలుగు విశ్వవిద్యాలయాల్లో అరవై శాతం వస్తే ప్రథమ శ్రేణి, డెబ్భై వస్తే డిస్టింక్షన్. తొంభై దాటితేనే మంచి గ్రేడు అనుకునే అమెరికా అధికారికి అరవై అయిదు శాతం పేలవంగా కనిపించే ప్రమాదం ఉండేది. అందుకే తరగతిలో ఎన్నో స్థానమో చెప్పే ర్యాంకు పత్రానికి, ‘మొదటి అయిదు శాతంలో ఉన్నాడు’ అని గుర్తుపెట్టే సిఫారసు ఫారానికి అంత విలువ వచ్చింది. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం, పాఠం చెప్పేది అనుబంధ కళాశాల అనే మన ఏర్పాటు, స్నాతకోత్సవం ఆలస్యమైతే అసలు పట్టాకు బదులు ప్రొవిజనల్ సర్టిఫికెట్ పంపే అలవాటు కూడా వివరణ కోరేవి. ఇంటిపేరు ముందు, పేరు వెనుక రాసే తెలుగు పద్ధతి మరో చిక్కు. పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, దరఖాస్తులో మరోలా పడేది. రెండు భాగాలుగా విడగొట్టని పేరు ఉన్నవారికి వీసాలో మొదటి పేరు తెలియదని సూచించే ‘ఎఫ్ఎన్‌యూ’ అనే అక్షరాలు చేరేవి.

ఫెడరల్ విద్యా కార్యాలయం 1970లో విదేశీ పట్టాల మూల్యాంకనం ఆపేయడంతో ఆ పని ప్రైవేటు సంస్థలకు చేరింది. 1974లో ఏర్పడిన వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, విద్యార్థులు ‘వెస్’ అని పిలిచే సంస్థ, వాటిలో తెలుగువారికి బాగా తెలిసినది. శాతాలను నాలుగు పాయింట్ల జీపీఏగా మార్చే ఇలాంటి సంస్థల నివేదికతో మన ప్రథమ శ్రేణికి అమెరికా లెక్కలో ఉన్న అసలు స్థాయి అధికారికంగా కనబడసాగింది.

అమీర్‌పేట నుంచి నర్సాపూర్ దాకా

1977లో విజయవాడలో సిద్ధార్థ, 1979లో హైదరాబాదులో చైతన్య భారతి, 1981లో వాసవి కళాశాలలతో మొదలైన ప్రైవేటు ఇంజనీరింగు విద్య 1990ల తర్వాత జిల్లాలకు పాకింది. మెదక్ జిల్లా నర్సాపూర్‌లో 1997లో బీవీ రాజు సాంకేతిక సంస్థ ఏర్పడటంతో ఈ ప్రాంత విద్యార్థికి నాలుగేళ్ల పట్టా సొంత జిల్లాలోనే అందుబాటులోకి వచ్చింది. 2008లో ఐఐటీ హైదరాబాదు కూడా అప్పటి మెదక్ జిల్లాలోనే ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తరగతులు మొదలుపెట్టి, తర్వాత కందిలో స్థిరపడింది. బోధన రుసుమును ప్రభుత్వం తిరిగి చెల్లించే పథకం 2000ల చివర రావడంతో రైతు కుటుంబాల పిల్లలు పెద్దసంఖ్యలో బీటెక్‌లో చేరారు. పదహారేళ్ల లెక్క పల్లెకు అందింది ఇలాగే.

దరఖాస్తు ఇప్పుడు ఒక వృత్తిగా మారింది. కన్సల్టెన్సీలు ‘ప్రాసెసింగ్’ పేరుతో విశ్వవిద్యాలయాల ఎంపిక, ఎస్‌ఓపీ అనే ఉద్దేశ ప్రకటన, సిఫారసు లేఖలు, వీసా ఇంటర్వ్యూ శిక్షణ వరకు చూసుకున్నాయి. జీఆర్ఈ పదాల పట్టికలు బట్టీపట్టిన తరం అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ పెరిగింది. పాత 800 చొప్పున కొలిచే స్కోరు 2011 ఆగస్టులో 130 నుంచి 170 మధ్య కొలిచే పద్ధతికి మారినా ఆ కేంద్రాల రద్దీ తగ్గలేదు. 2001లో బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యా రుణ పథకంతో, అసిస్టెంట్‌షిప్ లేకపోయినా ఇల్లో పొలమో తాకట్టు పెట్టి వెళ్లడం సాధ్యమైంది. వీసా కోసం మద్రాసు కాన్సులేటుకు రైలెక్కే అవసరం 2008 అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు తెరవడంతో తీరింది. చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ అనే పేరు స్థిరపడటం ఈ కాలపు ఆశాభయాలకు గుర్తు. 2008–2012 మధ్య హైదరాబాదు నుంచి 26,220 మంది అమెరికా విద్యార్థి వీసాలు పొందారని, సాంకేతిక, శాస్త్ర విషయాల్లో ప్రపంచంలోని మరే నగరమూ హైదరాబాదు పంపినంతమందిని పంపలేదని బ్రూకింగ్స్ సంస్థ 2014లో లెక్కగట్టింది.

పట్టాను తూచే పద్ధతిలోని ఒక లోపం కూడా ఈ దశలోనే బయటపడింది. విద్యార్థి పట్టాను అమెరికా పరీక్షించినంత నిశితంగా, అమెరికా సంస్థ నాణ్యతను విద్యార్థి పరీక్షించలేకపోయాడు. అక్కడి ప్రభుత్వ గుర్తింపు వేరు, ప్రాంతీయ మండళ్లు ఇచ్చే విద్యా ప్రమాణాల గుర్తింపు వేరు అని తెలియనివారు ఎందరో. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయంపై 2011 జనవరిలో అధికారులు దాడులు జరిపినప్పుడు నష్టపోయిన వారిలో అధికశాతం ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించడం ఇక్కడ ఆగ్రహాన్ని రేపింది. అమెరికా ప్రభుత్వమే ఎరగా నడిపిన ఫార్మింగ్టన్ ‘విశ్వవిద్యాలయం’ కేసు 2019లో బయటపడినప్పుడు కూడా తెలుగు విద్యార్థులే పెద్దసంఖ్యలో చిక్కుకున్నారు.

మూడేళ్ల పట్టాకు మలి అవకాశం

ఇన్ని దశల్లోనూ డిగ్రీ కళాశాల విద్యార్థి పక్కదారి పట్టవలసి వచ్చింది. బీఎస్సీ తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీ లేదా మూడేళ్ల ఎంసీఏ చేసి, అంటే ఒక ఏడాది లోటును రెండు మూడేళ్లతో పూడ్చి, ఆపై అమెరికాలో మళ్లీ మాస్టర్స్‌కే దరఖాస్తు చేసినవారు కోకొల్లలు. ఇంజనీరింగు ఫీజు భరించలేని కుటుంబానికి చౌకగా కనిపించిన మూడేళ్ల చదువు, ఈ దారిలో చివరకు ఖరీదైనదిగా తేలింది.

పరిస్థితి మారడానికి తొలి కారణం యూరప్ నుంచి వచ్చింది. 1999 నాటి బొలోనా ప్రకటనతో అక్కడి దేశాలు మూడేళ్ల డిగ్రీ వైపు మళ్లడంతో, యూరప్ పట్టాను అంగీకరించి భారతీయ పట్టాను కాదనడం ఎలా సమంజసమనే ప్రశ్న తలెత్తింది. చదివిన ఏళ్లకు బదులు చదువు నాణ్యతను చూడాలనే వాదన బలపడింది. కళాశాలల నాణ్యతకు గ్రేడులిచ్చేందుకు 1994లో ఏర్పడిన మన నాక్ మండలి నుంచి ఉన్నత గ్రేడు పొందిన సంస్థల మూడేళ్ల పట్టాను, మంచి శ్రేణిలో ఉత్తీర్ణులైతే, అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానంగా వెస్ లెక్కించసాగింది. అయితే మూల్యాంకన సంస్థ ఇచ్చేది సలహా మాత్రమే, చివరి నిర్ణయం విశ్వవిద్యాలయానిదే. నాక్ గ్రేడు లేని చిన్న పట్టణపు కళాశాల విద్యార్థికి ఈ సడలింపు వర్తించదు కూడా.

రెండో మార్పు స్వదేశంలోనే మొదలైంది. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల డిగ్రీని ప్రతిపాదించగా, 2022 డిసెంబరులో యూజీసీ దానికి పాఠ్య, క్రెడిట్ల చట్రాన్ని ప్రకటించింది. మూడో ఏడాది చివర పట్టాతో బయటపడవచ్చు, నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్ పట్టా పొందవచ్చు. 2023–24లో 3,31,602 మంది విద్యార్థులతో, అందులో 1,96,567 మంది పీజీ స్థాయివారితో, భారతదేశం అమెరికాకు అత్యధికంగా విద్యార్థులను పంపే దేశంగా నిలిచిన సమయానికి ఈ మార్పు అమలు దశకు వచ్చింది.

1950లలో మూడేళ్ల డిగ్రీని ఎంచుకున్న విధానకర్తలు అమెరికా లెక్కను పట్టించుకోలేదు, ఈసారి నాలుగో ఏడాదిని చేర్చినవారికి ఆ లెక్క తెలుసు. కానీ ఆనర్స్ ఏడాదికి కావలసిన ప్రయోగశాలలు, పరిశోధన చేయించగల అధ్యాపకులు అన్ని కళాశాలల్లోనూ లేరు. అవి నగరాల్లోని స్వయంప్రతిపత్తి కళాశాలలకే పరిమితమైతే శంకరంపేట విద్యార్థికి అందేది మళ్లీ పదిహేనేళ్ల పట్టానే అవుతుంది. నూరేళ్లుగా అమెరికా బల్లల మీద జరిగిన లెక్కలో ఒక భాగం ఇప్పుడు జిల్లా కళాశాలల్లో నాలుగో ఏడాది తరగతి నడుస్తుందా లేదా అన్నదాని మీద ఆధారపడింది, దాన్ని నడిపే బాధ్యత కూడా రాష్ట్రానిదే.